గ్యాస్ ఎంత విషం? అంకె చెప్పేది, చెప్పనిది

2020 మే 7. తెల్లవారుజామున మూడు గంటల వేళ విశాఖపట్నం గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురం మంచి నిద్రలో ఉంది. పక్కనే ఉన్న ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో ఒక ట్యాంకు వేడెక్కి, అందులోని స్టైరీన్ అనే రసాయనం ఆవిరై ఇళ్ల మీదికి పాకింది. 12 మంది చనిపోయారు. వందలమందిని కింగ్ జార్జ్ ఆసుపత్రికి, మిగతా ఆసుపత్రులకు మోసుకెళ్లారు.

ఈ ఘటనలో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. పీల్చినప్పుడు ప్రాణం తీసే శక్తిని బట్టి రసాయనాలకు తరగతులు కట్టే నిబంధనలు మన దేశంలో ఉన్నాయి. ఆ లెక్కలో చూస్తే స్టైరీన్ కనీసం ‘విషం’ అన్న తరగతిలోకి కూడా రాదు. గీతకు కాస్త అవతలే ఆగిపోతుంది. మరి అంతమంది ఎలా పోయారు? అంకె తప్పా? కాదు, అంకె సరైనదే. ఆ అంకె దేనికి జవాబో తెలియకుండా దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవడమే తప్పు.

ఈ తేడా రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలంలోని చందనవెల్లి లాంటి ఊళ్లకు బాగా అవసరం. నిన్నమొన్నటిదాకా జొన్న, పత్తి, కూరగాయలు పండిన నేలలో ఇప్పుడు పారిశ్రామిక పార్కు వెలిసింది. అక్కడ జౌళి పరిశ్రమలు, డేటా సెంటర్లు వచ్చాయి. వాటిని గ్యాస్ ప్రమాదాల జాబితాలో చేర్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కానీ పార్కు అన్నాక రేపు ఇంకో యూనిట్ రావచ్చు. కూరగాయలు, పాలు నిల్వచేసే శీతల గిడ్డంగుల్లో అమ్మోనియా ఉంటుంది. తాగునీటి శుద్ధి కేంద్రంలో క్లోరిన్ సిలిండర్లుంటాయి. ట్యాంకర్లు మన రోడ్ల మీదుగానే పోతాయి. ఏదైనా పరిశ్రమ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే జనం అడిగే మొదటి మాట ఒకటే: ‘గీ గ్యాస్ పీలిస్తే ఏమైతది సార్?’ జవాబుగా ఎవరో ఒక కాగితం చూపిస్తారు. దాని మీద ఎల్‌సీ50 అని ఒక అంకె ఉంటుంది. ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

అంకె ఎలా పుడుతుంది

ఎల్‌సీ50 అంటే, ఒక నిర్ణీత సమయం పీల్చినప్పుడు పరీక్షలో ఉన్న జంతువుల్లో సగం చనిపోవడానికి గాలిలో ఎంత గ్యాస్ ఉండాలో చెప్పే కొలత. అంకె ఎంత చిన్నదైతే గ్యాస్ అంత ఘోరమైనది. ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు. పెద్ద అంకె చూసి పెద్ద ప్రమాదం అనుకుంటారు. నిజం దానికి తలకిందులు.

పరీక్షకు ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి ఉంది. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 1981లో 403వ నంబరు మార్గదర్శకంగా దాన్ని ఇచ్చింది, 2009లో సవరించింది. మామూలుగా వాడేది ఎలుకల్ని. ఒక్కొక్క ఎలుకను ఒక గొట్టంలో ఉంచి, ముక్కు మాత్రమే గ్యాస్ కలిపిన గాలిలోకి వచ్చేలా అమరుస్తారు. ఒళ్లంతా గ్యాస్‌లో ఉంచితే అది వెంట్రుకలకు అంటుతుంది, ఎలుక నాకుతుంది, కడుపులోకీ పోతుంది. అప్పుడు పీల్చింది ఎంతో, మింగింది ఎంతో తేలదు. అందుకే ఈ జాగ్రత్త.

నాలుగు గంటలపాటు ఆ గాలి పీలుస్తుంటే, ఎలుక ముక్కు దగ్గర గ్యాస్ ఎంత ఉందో యంత్రాలతో కొలుస్తూనే ఉంటారు. గొట్టంలోకి పంపామనుకున్న మోతాదు లెక్కలోకి రాదు, ముక్కు దగ్గర కొలిచిందే లెక్క. ఆ తర్వాత 14 రోజులు కనిపెట్టి ఉంటారు. ఆయాసం వచ్చిందా, వణికిందా, తిండి మానిందా, బరువు తగ్గిందా అన్నీ రాసుకుంటారు. ఈ 14 రోజులు ఊరికే పెట్టలేదు. ఫాస్జీన్, నైట్రోజన్ డయాక్సైడ్ లాంటివి పీల్చిన కొన్ని గంటలదాకా పెద్దగా ఇబ్బంది పెట్టవు. ఆ తర్వాతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. చివర్లో చనిపోయినవాటినీ బతికినవాటినీ కోసి ఊపిరితిత్తులు, కాలేయం పరీక్షిస్తారు. రకరకాల మోతాదుల్లో ఎన్ని చనిపోయాయో గణాంకశాస్త్రంతో గీత గీస్తే, సగం దగ్గర తగిలే అంకె ఎల్‌సీ50.

ఇన్ని ప్రాణాలు తీయకుండానే గ్యాస్ తరగతిని తేల్చే 436, 433 నంబర్ల పద్ధతులు కూడా తర్వాత వచ్చాయి. 433లో చావు కోసం చూడరు. విషం తలకెక్కుతోందని చెప్పే స్పష్టమైన లక్షణాలు కనబడితే చాలు.

చట్టం గీసిన గీతలు

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు వచ్చాయి. అందులో పీల్చే విషానికి, నాలుగు గంటల ఎల్‌సీ50 ప్రకారం మూడు మెట్లున్నాయి. లీటరు గాలికి 0.5 మిల్లీగ్రాములలోపే సగం ఎలుకలు పోతే అత్యంత విషం. 0.5 నుంచి 2 దాకా తీవ్ర విషం. 2 నుంచి 10 దాకా విషం. స్టైరీన్‌కు తరచూ ఉదహరించే అంకె 11.8. పది దాటింది కాబట్టి మూడో మెట్టు కూడా ఎక్కలేదు.

గ్యాస్ లెక్కల్లో మిల్లీగ్రాముల కంటే పీపీఎం ఎక్కువగా కనిపిస్తుంది. పది లక్షల లీటర్ల గాలిలో ఒక లీటరు గ్యాస్ ఉంటే ఒక పీపీఎం. స్టైరీన్ 11.8 మిల్లీగ్రాములంటే దాదాపు 2,770 పీపీఎం. భోపాల్‌లో 1984 డిసెంబరులో జనాన్ని చంపిన మిథైల్ ఐసోసైనేట్‌కు ఇదే అంకె సుమారు 5 లేదా 6 పీపీఎం. అంటే స్టైరీన్ కంటే అది దగ్గరదగ్గర 500 రెట్లు ఘోరం. ఈ రెండూ ఒకే గాటన కట్టదగినవి కావు. అయినా రెండు చోట్లా శవాలు లేచాయి. కాబట్టి అంకె పక్కన ఇంకేవో చేరాలి. అవి మూడు: ఎంతసేపు, ఎంత సరుకు, ఎంత దూరం.

ఎంతసేపు?

వంద సంవత్సరాల కిందట జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హాబర్ పేరు మీద ఒక సూత్రం వాడుకలోకి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో క్లోరిన్‌ను ఆయుధంగా వాడించినవాడు ఆయనే. సూత్రం సులభం: మోతాదును సమయంతో గుణిస్తే వచ్చేదే హాని. 20 పీపీఎం గంటసేపు పీల్చినా, 10 పీపీఎం రెండు గంటలు పీల్చినా ఒకటే అన్నమాట.

అసలు శరీరం అలా లెక్కపెట్టదని తర్వాత తేలింది. చాలా గ్యాసుల విషయంలో సమయం కంటే మోతాదుకే బరువెక్కువ. క్లోరిన్‌నే చూద్దాం. అమెరికా నిపుణులు క్లోరిన్‌కు ప్రాణాపాయ స్థాయిని 30 నిమిషాలకు 28, గంటకు 20, నాలుగు గంటలకు 10, ఎనిమిది గంటలకు 7.1 పీపీఎంగా కట్టారు. హాబర్ మాట నిజమైతే గంటకు 20 ఉన్నప్పుడు ఎనిమిది గంటలకు 2.5 కావాలి. కాలేదు. మోతాదును దానితోనే గుణించి, ఆ తర్వాత గంటలతో గుణించి చూడండి. ఇరవై ఇరవైలు నాలుగొందలు, ఒక గంట కాబట్టి 400. పది పదులు వంద, నాలుగు గంటలకు 400. 7.1ని 7.1తో గుణించి ఎనిమిది గంటలతో హెచ్చిస్తే 403. లెక్క కుదిరింది. అంటే క్లోరిన్ గాఢత రెట్టింపైతే తప్పించుకోవడానికి మిగిలే సమయం సగానికి కాదు, పావుకు పడిపోతుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా మొండిది. గాఢత రెట్టింపైతే సమయం ఇరవయ్యో వంతుకు కుదించుకుపోతుంది. మురుగు గుంతలోకి ఒకరు దిగి పడిపోతే, లాగడానికి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా పోవడం పేపర్లలో చదువుతుంటాం. కారణం ఇదే. పైన నిలబడ్డవాడికి ముక్కుపుటాలు మండే స్థాయి ఉంటే, నాలుగడుగుల కింద నిమిషాల్లో నేలకూల్చే స్థాయి ఉంటుంది.

ఎలుక నుంచి మనిషికి

ఎలుకను చంపిన అంకెను మనిషికి నేరుగా అంటగట్టకూడదు. సగం మందిని చంపే మోతాదు ఊరికి పనికొచ్చే కొలత కానేకాదు. ఊళ్లో ఒక్కరికీ ప్రాణం మీదికి రాని మోతాదు మనకు కావాలి. అదీగాక పరీక్షలోని ఎలుకలు ఒకే వయసువి, ఆరోగ్యంగా ఉన్నవి. ఊళ్లో చంటిపిల్లలున్నారు, ఉబ్బసంతో బాధపడే పెద్దవాళ్లున్నారు, నిండు గర్భిణులున్నారు. పొలంలో వంగి కలుపు తీస్తున్న కూలీ, కూర్చున్న మనిషి కంటే మూడు నాలుగు రెట్లు గాలి పీలుస్తుంది. ఒంటి బరువుతో పోలిస్తే పసివాడు పెద్దవాళ్ల కంటే ఎక్కువ గాలి లాగుతాడు.

అందుకే నిపుణులు ఎల్‌సీ50 నుంచి కిందికి దిగుతూ వస్తారు. జంతువు నుంచి మనిషికి మారినందుకు ఒకసారి, మనిషికీ మనిషికీ తేడా ఉన్నందుకు ఇంకోసారి, మూడుతోనో పదితోనో భాగిస్తారు. అలా వచ్చినవే ఏఈజీఎల్ స్థాయిలు. భోపాల్ తర్వాత అమెరికాలో మొదలైన కసరత్తుకు ఇవి ఫలితం. మూడు మెట్లుంటాయి. మొదటిది దాటితే కళ్లు మండటం, దగ్గు లాంటి ఇబ్బంది. రెండోది దాటితే తిరిగి కోలుకోలేని హాని, లేదా తప్పించుకునే శక్తి పోవడం. మూడోది దాటితే ప్రాణాపాయం.

స్టైరీన్‌కు గంటసేపటి లెక్క చూడండి. మొదటి మెట్టు 20 పీపీఎం, రెండోది 130, మూడోది 1,100. ఎలుకల అంకె 2,770 దగ్గరుంటే ఊరికి హెచ్చరిక గంట 130 దగ్గరే మోగాలి. నాలుగు గంటలు పీల్చాల్సి వస్తే ప్రాణాపాయం 340కే దిగుతుంది. వెంకటాపురంలో జనం నిద్రలో ఉన్నారు. మెలకువతో ఉన్నవాడు 20 పీపీఎం దగ్గరే వాసన పసిగట్టి లేచి పరుగెత్తుతాడు. నిద్రపోతున్నవాడికి రెండో మెట్టు, మూడో మెట్టు కూడా మంచం మీదే దాటిపోవచ్చు.

ఎంత సరుకు? ఎకరాల్లో లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్న. క్లోరిన్ ఘోరమైనది, స్టైరీన్ దానికంటే ఎంతో తక్కువ. కానీ దేని పక్కన ఉండటం ఎక్కువ ప్రమాదం? రైతుకు తెలిసిన కొలతలో లెక్కేద్దాం.

నీటి శుద్ధి కేంద్రాల్లో వాడే పెద్ద క్లోరిన్ సిలిండర్‌లో సుమారు 900 కిలోలు పడుతుంది. అదంతా గ్యాస్‌గా మారితే 310 ఘనపు మీటర్లు. అది గంటసేపటి ప్రాణాపాయ స్థాయి అయిన 20 పీపీఎంకు పలచబడాలంటే కోటిన్నర ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. నేల మీద పది మీటర్ల ఎత్తున పరుచుకుందనుకుంటే దాదాపు 380 ఎకరాలు. ఒక్క సిలిండర్‌కు అంత.

ఒక టన్ను స్టైరీన్ ఆవిరైతే 235 ఘనపు మీటర్లు. ప్రాణాపాయ స్థాయి 1,100 పీపీఎం కాబట్టి అదే లెక్కన ఐదున్నర ఎకరాలు దాటదు. చూశారా, ఎంత తేడా! కానీ వంద టన్నులైతే? 530 ఎకరాలు. ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులో ఉన్నది 1,800 టన్నులకు పైగా. తక్కువ విషమున్న సరుకును కొండంత పోగేస్తే, అది ఎక్కువ విషమున్న సరుకుతో సమానమైంది. అంతకు మించింది కూడా.

నిజంగా గాలి ఇలా చాపలా సమానంగా పరుచుకోదు. గాలివాటున సాగుతుంది, ఒకచోట చిక్కగా మరోచోట పలచగా ఉంటుంది. కాబట్టి ఇది కచ్చితమైన అంచనా కాదు. ఏ గ్యాస్‌కు ఎంత సరుకుంటే భయపడాలో తెలుసుకోవడానికి మాత్రం సరిపోతుంది.

స్టైరీన్‌ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. అది మరిగేది 145 డిగ్రీల దగ్గర. 20 డిగ్రీల్లో చల్లగా ఉంచినప్పుడు ద్రవం మీది గాలి ఎంత నిండినా 6,500 పీపీఎం దాటదు. చల్లదనమే దానికి తాళం. లాక్‌డౌన్‌లో ట్యాంకు వారాలకొద్దీ కదలకుండా ఉంది. తనలో తాను గడ్డకట్టకుండా ఆపే మందు తగ్గిపోయింది. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున ఉండటంతో పైపొర వేడెక్కినా తెలియలేదు. ఒకసారి ఆ గడ్డకట్టే చర్య అందుకున్నాక వేడి మరింత వేడిని పుట్టించింది, ట్యాంకు మరిగింది. నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఈ లోపాలన్నీ తేల్చింది. ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటున్నా ఒక్కటీ మోగించలేదని కూడా చెప్పింది. రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య ఉన్న కాస్త సమయం అలా చేజారింది.

ఎంత దూరం? ముక్కును నమ్మొచ్చా?

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లను కాపాడటానికి 1996లో వచ్చిన జీవో 111 మొయినాబాద్, చేవెళ్ల, షాబాద్ ప్రాంతాల వాళ్లందరికీ తెలుసు. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల గీత గీసి, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు వద్దంది. నీటికి అలాంటి గీత గీయొచ్చు, వాగు ఎటు పారుతుందో మనకు తెలుసు. గాలికి అలా కుదరదు. పగలు ఎండకు గాలి పైకి లేచి గ్యాస్ చెదిరిపోతుంది. చలికాలం రాత్రి, గాలి స్తంభించినప్పుడు అదే గ్యాస్ నేలను అంటిపెట్టుకుని చాలాదూరం పాకుతుంది. క్లోరిన్ గాలి కంటే రెండున్నర రెట్లు బరువు, స్టైరీన్ ఆవిరి మూడున్నర రెట్లు. ఈసీ వాగు పరీవాహకంలోని పల్లపు చేలలోకి, వాగు లోతుల్లోకి అలాంటివి నీళ్లలాగే దిగుతాయి. అమ్మోనియా తేలికైనదే. కానీ ట్యాంకు నుంచి ఒక్కసారిగా చిమ్మితే చల్లని పొగమంచుగా మారి అది కూడా మొదట నేల మీదే పాకుతుంది.

వాసన వస్తే తెలుస్తుందిలే అనుకోవడం ఇంకో మోసం. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. వంద పీపీఎం దాటితే అది ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందనుకుంటాం, నిజానికి పెరిగి ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. 2018 జులై 12న అనంతపురం జిల్లా తాడిపత్రిలోని గెర్డావ్ ఉక్కు కర్మాగారంలో ఆరుగురు దాని వల్లే పోయారు. పాత బావిలోకి దిగేముందు దీపం దించి చూసే అలవాటు పల్లెల్లో ఉంది. ఆక్సిజన్ బాగా తగ్గితే దీపం ఆరుతుంది, అంతవరకే దాని సాక్ష్యం. మనిషిని చంపే కార్బన్ మోనాక్సైడ్‌లో దీపం నిక్షేపంగా వెలుగుతుంది. బావిలో డీజిల్ ఇంజన్ ఆడినప్పుడు దీపాన్ని నమ్మి దిగడం ప్రాణాంతకం.

చందనవెల్లి ఏం అడగాలి

కాగితం చేతికిస్తే ఎల్‌సీ50 దగ్గర ఆగిపోకండి. పరీక్ష ఒక గంటదా, నాలుగు గంటలదా చూడండి. గంట పరీక్ష అంకె ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది. గ్యాస్‌కు దాన్ని సగం చేస్తే తప్ప నాలుగు గంటల దానితో పోల్చకూడదు. ఆ తర్వాత ఒకేసారి నిల్వ ఉండే సరుకు ఎన్ని టన్నులో అడగండి. ఆవిరి గాలికంటే బరువా, ఎన్ని డిగ్రీల్లో మరుగుతుంది, కరెంటు పోతే చల్లదనం ఎన్ని గంటలు ఆగుతుంది అని అడగండి. ఊరి అంచు దగ్గర గ్యాస్ ఎన్ని పీపీఎంకు చేరితే సైరన్ మోగుతుంది, దాన్ని రాత్రి మూడింటికి మోగించే మనిషి ఎవరు అని కూడా అడగండి.

అడిగే హక్కు చట్టంలోనే ఉంది. 1989 నిబంధనల ప్రకారం పెద్ద ప్రమాదం జరగగల చోట, బయటి జనానికి ఆ ప్రమాదం ఎలాంటిది, అప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది యాజమాన్యం ముందే చెప్పాలి. ఆవరణ బయటి అత్యవసర ప్రణాళిక జిల్లా యంత్రాంగం బాధ్యత. కానీ ఈ నిబంధనలు ఒక మోతాదు దాటిన నిల్వలకే వర్తిస్తాయి. క్లోరిన్‌కు ఆ మోతాదు 10 టన్నులు, అమ్మోనియాకు 60. ఇందాక 380 ఎకరాలు కమ్మిన క్లోరిన్ ఒక టన్ను కూడా లేదు. అంటే అలాంటి సిలిండర్లు పది ఉన్న చోటు కూడా ఆ గీత కిందే ఉండిపోతుంది. అలాంటి చోట చట్టం కోసం ఎదురుచూడకుండా గ్రామసభే రాతపూర్వకంగా వివరాలు అడిగి పెట్టుకోవాలి.

ఇంతా చేసి గ్యాస్ వస్తే, గాలికి ఎదురుగానో వెంబడిగానో కాకుండా అడ్డంగా నడవాలి. బరువైన గ్యాస్ అయితే పల్లం వదిలి మెరకకో మేడ మీదికో చేరాలి. తడిగుడ్డ అమ్మోనియా, క్లోరిన్‌లను కొంత ఆపుతుంది. స్టైరీన్‌నూ కార్బన్ మోనాక్సైడ్‌నూ ఆపదు. కాబట్టి పక్కనున్నది ఏ గ్యాసో ముందే తెలిసి ఉండాలి. ఆ పేరు, టన్నులు, హెచ్చరిక స్థాయి, ఈ మూడూ గ్రామపంచాయతీ గోడ మీద రాసి ఉన్న ఊరే తన గాలి లెక్క తాను చూసుకున్న ఊరు.